పండని గడ్డ, ఎక్కించిన సెలైన్: చర్మ సంక్రమణల శస్త్రచికిత్సలో సిరాంతర ద్రవాల స్థానం

వ్యాససంగ్రహం

చర్మానికీ, దాని కింది మెత్తని కణజాలానికీ సోకే బాక్టీరియా సంక్రమణలలో అధికభాగం మందులతోనో చిన్న కోతతోనో నయమవుతాయి. కొన్ని మాత్రం గంటల వ్యవధిలో రక్తప్రసరణను కూలదోస్తాయి. అట్టి స్థితిలో సిరల ద్వారా ఎక్కించే ద్రవాలు ఏ పని చేయగలవు, ఏ పని చేయలేవు అన్నది ఈ వ్యాసంలో వివరింపబడింది. హైదరాబాదు ఉత్తర శివారులోని గుండ్లపోచంపల్లి ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, ‘గడ్డ పండటం’, ‘సెలైన్ ఎక్కించడం’ అనే రెండు వాడుకల వెనుక ఉన్న తర్కాన్ని శస్త్రవైద్య దృష్టితో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: సెగగడ్డ, రాచపుండు, సెల్యులైటిస్, సెప్సిస్, సెలైన్, రింగర్ లాక్టేట్, కాన్యులా.

1. నేపథ్యం

సికింద్రాబాదు నుంచి మేడ్చల్ వైపు సాగే దారిలో కొంపల్లి దాటాక వచ్చే గుండ్లపోచంపల్లి ఒకప్పటి సేద్యపు పల్లె. నేడు అక్కడ దుస్తుల ఎగుమతి పార్కు ఉంది, పరిశ్రమలు ఉన్నాయి, చుట్టూ ఇళ్ల నిర్మాణం ఎడతెగకుండా సాగుతున్నది. కుట్టుమిషను సూది వేలిలో దిగడం, సెంట్రింగు చెక్క మేకు అరికాలిలో గుచ్చుకోవడం, తడి సిమెంటుకు చర్మం ఒరిసిపోవడం ఇటువంటి చోట అరుదైన సంఘటనలు కావు. చర్మం బాక్టీరియాకు అడ్డుగోడ. ఆ గోడకు పడే ప్రతి చిల్లూ ఒక ప్రవేశద్వారమే.

వైద్యవసతి పరంగా ఈ ప్రాంతం మారుమూల కాదు. ఘనపూర్‌లో మెడిసిటీ, సూరారంలో మల్లారెడ్డి వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవల సంస్థ ఈఎంఆర్ఐ ప్రాంగణం ఇదే దారిలోని దేవరయాంజాల్‌లో ఉంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కావాలనుకుంటే సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా గాంధీ ఆసుపత్రికి చేరవచ్చు. కనుక ఇక్కడ ఒక చర్మ సంక్రమణ ప్రాణం మీదికి వచ్చినప్పుడు దూరాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపలేము.

రోగి ఇంటి నుంచి శస్త్రచికిత్స బల్ల దాకా సాగే ప్రయాణంలో సాధారణంగా రెండు మజిలీలు ఎదురవుతాయి. ఒకటి, గడ్డ పండేదాకా ఆగడం. రెండు, నీరసం తగ్గడానికి దగ్గరలోని ఆర్‌ఎంపీ చేత ఒక సీసా సెలైన్ ఎక్కించుకోవడం. ఇవి కేవలం అజ్ఞానపు చర్యలని కొట్టిపారేయడం తేలిక, కాని అది సరికాదు. రెండింటి వెనుకా అనుభవంలో నిలిచిన తర్కం ఉంది. ఆ తర్కం ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడ చెల్లకుండా పోతుందో తెలుసుకోవడమే ఇక్కడ ముఖ్యం.

2. ‘పండటం’ అనే కొలమానం

తెలుగులో చర్మ సంక్రమణలను సూచించే పదాలకు కొదవ లేదు. గోరు పక్కన చీము పడితే గోరుచుట్టు. వెంట్రుక కుదురులో మొదలై ఎర్రగా, వేడిగా లేచేది సెగగడ్డ. పలు కుదుళ్లు ఒక్కటై మెడ వెనుకనో వీపు మీదనో జల్లెడ వంటి రంధ్రాల గుండా చీము కార్చేది రాచపుండు; మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ. (రాచపుండు, రాచకురుపు అనే మాటలను క్యాన్సర్‌కు కూడా వాడటం ఉన్నందున, పాత రచనలలో అవి ఏ వ్యాధిని ఉద్దేశించినవో సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసి ఉంటుంది.) ఈ పదాలన్నింటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. కంటికి కనిపించే ఉబ్బు, అందులో చీము ఉంటేనే ఇవి వర్తిస్తాయి.

గడ్డ పండాలి, పండిన తర్వాతనే కోయాలి అన్నది లోకంలోని నియమం. పిండికట్టు కట్టడం, ఆముదం రాసిన ఆకును వెచ్చచేసి వేయడం వంటి ఉపచారాల లక్ష్యం గడ్డను పండించడమే. శస్త్రవైద్యం ఈ నియమాన్ని పూర్తిగా కాదనదు. సెగగడ్డకు సాధారణ కారకమైన స్టాఫిలోకాకస్ ఆరియస్ చుట్టూ తెల్లకణాలు చేరుతాయి, ఫైబ్రిన్ ఒక గోడ కడుతుంది, లోపలి కణజాలం కరిగి చీమవుతుంది. గోడ ఏర్పడి చీము మెత్తగా తగిలినప్పుడు కోసి బయటికి వదిలితే చాలావరకు పని పూర్తయినట్లే. అంతకుముందే కోస్తే రాబట్టడానికి చీమే ఉండదు.

చిక్కు ఎక్కడంటే, అన్ని బాక్టీరియాలూ గోడ కట్టనివ్వవు. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ విడుదల చేసే ఎంజైములలో ఒకటి ఫైబ్రిన్‌ను కరిగించే ప్రక్రియను ప్రేరేపిస్తుంది, మరొకటి కణాల మధ్యనున్న జిగురు పదార్థాన్ని ఛేదిస్తుంది. ఫలితంగా సంక్రమణ ఒకచోట గూడు కట్టక అంతశ్చర్మం గుండా, కింది కొవ్వు పొర గుండా పరచుకొనిపోతుంది. దీనినే సెల్యులైటిస్ అంటారు. కాలు ఎర్రబారి, వేడెక్కి, వాచి, నొప్పిగా ఉంటుంది. గడ్డ ఉండదు, చీము ఉండదు. బోదకాలు ఉన్నవారికి చలిజ్వరంతో పాటు తరచుగా వచ్చే కాలి మంట, ఎరుపు చాలా సందర్భాలలో ఈ కోవలోనివే. దీనికి తెలుగులో ఒంటిపదం స్థిరపడకపోవడం గమనార్హం. కాలు ఎర్రబారింది, నీరు పట్టింది అని లక్షణాన్ని చెప్పి ఊరుకుంటాము. పేరు లేని వ్యాధికి కూడా పేరున్న వ్యాధి నియమమే అన్వయించి, పండటం కోసం ఎదురుచూస్తాము.

సెల్యులైటిస్ సైతం ఎక్కువమందిలో యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. దానికంటే లోతున, కండరాలను కప్పి ఉంచే ఫేషియా అనే పొర వెంట సాగేది అసలైన ప్రమాదం. 1952లో విల్సన్ దీనికి నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ అని పేరు పెట్టాడు. ఇది ఒక్క స్ట్రెప్టోకాకస్ వల్ల రావచ్చు. మధుమేహం ఉన్నవారిలో పలురకాల బాక్టీరియాలు కలిసి కలిగించడమూ సాధారణం. ఫేషియాలోని చిన్న రక్తనాళాలు గడ్డకట్టి మూసుకుపోతాయి, పొర చచ్చిపోతుంది, పైచర్మం మాత్రం మొదటి గంటలలో దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ కన్ను మోసపోతుంది. చూపుకు కనిపించేదానికి మించిన నొప్పి, ఎరుపు అంచు దాటి కూడా చెక్కలా గట్టిగా తగిలే వాపు, ఆ తర్వాత నల్లని నీటిపొక్కులు, నొక్కితే చిటపట, చివరికి నరాలు చచ్చి నొప్పే తెలియకపోవడం దీని క్రమం. నొప్పి తగ్గింది కాబట్టి నయమవుతోందని కుటుంబం భావించే ఘట్టం, నిజానికి వ్యాధి ముదిరిన ఘట్టం.

రక్తపరీక్షల ఆధారంగా దీన్ని అనుమానించడానికి 2004లో సింగపూర్ వైద్యులు ఒక గణనపట్టికను రూపొందించారు. సీఆర్‌పీ, తెల్లకణాలు, హీమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, గ్లూకోజు అనే ఆరింటి విలువలకు అంకెలు వేసి, మొత్తం 6కు చేరితే అనుమానించాలంటారు. అంకె తక్కువ వచ్చిందని వ్యాధి లేదనుకోవడం మాత్రం ప్రమాదకరం. తరువాతి అనుభవం ఈ విషయాన్ని స్పష్టం చేసింది. తేల్చిచెప్పేది కత్తే. మత్తు సూది వేసి ఫేషియా దాకా రెండు సెంటీమీటర్ల గాటు పెట్టినప్పుడు రక్తం సరిగా రాక, కుడితినీళ్ల వంటి బూడిదరంగు ద్రవం ఊరి, వేలితో తోస్తేనే పొరలు విడివడితే ఇక సందేహం అక్కరలేదు.

3. మందు చేరని చోటు

యాంటీబయాటిక్‌ల చరిత్రలో తెలుగువారికి ఒక గర్వకారణం ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించిన కాలంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో వెలుగులోకి వచ్చిన ఆ మందు టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిది. నేడు సెప్సిస్ వల్ల రక్తపోటు పడిపోయిన రోగికి గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన సూత్రం. స్ట్రెప్టోకాకస్ అనుమానం ఉన్నచోట విషపదార్థాల తయారీని అడ్డుకోవడానికి క్లిండామైసిన్‌ను జోడిస్తారు.

అయితే సిరలోకి ఇచ్చిన మందు రక్తంతోనే ప్రయాణించాలి. రక్తనాళాలు మూసుకుపోయిన చచ్చిన పొరలోకి రక్తం పోదు, కనుక మందూ పోదు. చచ్చిన భాగాన్ని రక్తం చిమ్మే అంచు దాకా తొలగించడం తప్ప మార్గం లేదు. ఇక్కడే మన రెండవ మాట ముందుకు వస్తుంది. శస్త్రచికిత్సకు సిద్ధం చేసే ఆ కొద్ది గంటలలో రోగి మెదడుకూ, గుండెకూ, మూత్రపిండాలకూ రక్తం అందేలా నిలబెట్టేది సిరాంతర ద్రవం. అది వ్యాధికి మందు కాదు. కోతకు కావలసిన వ్యవధిని సమకూర్చే సాధనం. ఆ వ్యవధిని కోత కోసం వాడుకోకపోతే ఎన్ని సీసాలు ఎక్కించినా ఫలితం ఉండదు.

4. ఎక్కించిన నీరు ఎక్కడికి పోతుంది

సెలైన్ ఎక్కించడం అనే ప్రయోగంలో ‘ఎక్కు’ అనే క్రియ ఒక భావనను మోసుకొస్తుంది. ఎక్కినది ఒంట్లో నిలిచి బలమవుతుందని దాని ధ్వని. దీన్ని లెక్కవేసి చూడవచ్చు.

60 కిలోల పురుషుని శరీరంలో సుమారు 36 లీటర్ల నీరు ఉంటుందనుకుందాం. అందులో 24 లీటర్లు కణాల లోపల, 12 లీటర్లు కణాల వెలుపల ఉంటాయి. వెలుపలి 12 లీటర్లలో రక్తపు ద్రవభాగమైన ప్లాస్మా దాదాపు 3 లీటర్లే. తక్కినది కణాల సందుల్లో ఉంటుంది. 0.9 శాతం సెలైన్‌లోని సోడియం కణాలలోకి పోకుండా వెలుపలే ఉండిపోతుంది కాబట్టి, 1 లీటరు సెలైన్ ఆ 12 లీటర్లలో పంచుకోబడుతుంది. సర్దుబాటు పూర్తయ్యాక రక్తనాళాలలో మిగిలేది సుమారు 250 మిల్లీలీటర్లు. అదే 5 శాతం గ్లూకోజు నీరైతే, అందులోని చక్కెర ఖర్చయ్యాక మిగిలేది ఉత్త నీరే. అది 36 లీటర్లలోనూ పంచుకోబడుతుంది. అప్పుడు రక్తంలో నిలిచేది 80 మిల్లీలీటర్లకు కొంచెం పైన, అంటే చిన్న కప్పు టీ పాటి.

బలం సంగతీ అంతే. అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, సుమారు 100 కేలరీలు, అనగా రెండు ఇడ్లీల పాటి. నోటితో తినగలిగిన మనిషికి దీనివల్ల ఒనగూడేది స్వల్పం. తీవ్ర సంక్రమణలో ఉన్న మధుమేహ రోగికి గ్లూకోజు నీరు రక్తంలో చక్కెరను పెంచుతుంది, ఇదివరకే తగ్గిన సోడియంను ఇంకా పలుచన చేస్తుంది. ఏ సీసా కట్టారు అన్న ప్రశ్న అంబులెన్సులోనూ, అత్యవసర విభాగంలోనూ తప్పక అడగదగినది. ‘సెలైన్ ఎక్కించారు’ అన్న జవాబు సరిపోదు, ఎందుకంటే మన వాడుకలో ప్రతి సీసా సెలైనే.

పై లెక్క ఆరోగ్యవంతునిది. సెప్సిస్‌లో కేశనాళికల లోపలి పూత దెబ్బతిని గోడలు కారుతాయి, నాళాలు వదులై వ్యాకోచిస్తాయి. ఎక్కించిన సెలైన్‌లో రక్తనాళాలలో నిలిచే వాటా మరింత తగ్గుతుంది. కారిపోయినది కాళ్లలో, ఊపిరితిత్తులలో, పేగుల గోడలలో వాపుగా తేలుతుంది. రక్తం తక్కువై, ఒళ్లు మాత్రం ఉబ్బిన ఈ స్థితిని చూసి, నీరు పట్టింది కదా మళ్లీ నీరెందుకు అని బంధువులు అడగడం సహజం. సమాధానం ఒక్కటే: ఆ నీరు ఉన్నచోటు వేరు, కావలసిన చోటు వేరు.

5. ఏ ద్రవం

సిరలోకి ఉప్పునీరు ఎక్కించి ప్రాణం నిలపవచ్చని తొలిసారి చూపినవాడు స్కాట్లండు వైద్యుడు థామస్ లాటా. 1832 నాటి కలరా సమయంలో ఆయన ఆ ప్రయత్నం చేశాడు. నేటి 0.9 శాతం సెలైన్‌ను ‘నార్మల్’ అనడం అలవాటేగాని అందులో సాధారణమైనది తక్కువ. లీటరులో సోడియం 154, క్లోరైడు 154 మిల్లీమోళ్లు ఉంటాయి. మన ప్లాస్మాలో క్లోరైడు ఇంచుమించు 100 మాత్రమే. సెలైన్ లీటర్ల కొద్దీ పోసినప్పుడు ఈ అదనపు క్లోరైడు రక్తంలో ఆమ్లత్వాన్ని పెంచుతుంది, మూత్రపిండాలకు రక్తప్రవాహం తగ్గించగలదు. సిడ్నీ రింగర్ ద్రావణానికి 1932లో అమెరికా శిశువైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేట్ చేర్చి తయారుచేసిన రింగర్ లాక్టేట్‌లో క్లోరైడు 110కి దగ్గరగా ఉంటుంది. మన వార్డులలో ‘ఆర్‌ఎల్’ అన్నది ఇదే.

ఈ తేడా రోగి బ్రతుకులో ఎంత? 2018లో వెలువడిన అమెరికా అధ్యయనంలో 15,802 మంది తీవ్ర రోగులను పరిశీలించగా, మరణం లేదా మూత్రపిండాల తీవ్ర హాని సమతుల ద్రవాలు పొందినవారిలో 14.3 శాతం, సెలైన్ పొందినవారిలో 15.4 శాతం కనిపించింది. బ్రెజిల్‌లో 2021లో, ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌లలో 2022లో ముగిసిన పెద్ద అధ్యయనాలు మరణాలలో నిశ్చయమైన తేడా చూపలేదు. సెప్సిస్‌లో సమతుల ద్రవాలకు మొగ్గు చూపమని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అంటున్నా, అది బలహీన స్థాయి సూచనగానే ఉంది. నా దృష్టిలో ఆర్‌ఎల్ అందుబాటులో ఉన్నచోట దాన్నే ఎంచుకోవడం సబబు. లేనిచోట ఆర్‌ఎల్ కోసం వెతుకుతూ కోతను ఆలస్యం చేయడం మాత్రం తప్పు. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉన్నందున సెఫ్ట్రియాక్సోన్‌ను అదే గొట్టం ద్వారా అదే సమయంలో ఇవ్వరాదన్నది నర్సింగ్ సిబ్బంది మరువకూడని విషయం.

6. ఎంత, ఎంతసేపు

అవే మార్గదర్శకాలు సెప్సిస్ వల్ల రక్తపోటు పడిపోయినవారికి మొదటి 3 గంటలలో కిలో బరువుకు కనీసం 30 మిల్లీలీటర్లు ఇవ్వమని సూచిస్తాయి. మన 60 కిలోల మనిషికి 1,800 మిల్లీలీటర్లు, అంటే అరలీటరు సీసాలు మూడున్నరకు పైగా. ఆర్‌ఎంపీ దగ్గర చుక్కచుక్కగా ఒక పూటంతా సాగే ఒక్క సీసా ఈ అవసరానికి దరిదాపులలో కూడా ఉండదు. రోగికి ఏదో చికిత్స జరుగుతోందన్న నిశ్చింతను మాత్రం కలిగిస్తుంది. ఆ నిశ్చింత ఖరీదు కొన్ని గంటలు. ఫేషియా వెంట సాగే సంక్రమణలో ఆ గంటలు ఒక కాలి ఖరీదో, ప్రాణం ఖరీదో కావచ్చు.

అలాగని ఎక్కువ పోస్తే మేలనుకోవడమూ పొరపాటే. 2011లో వెలువడిన ఆఫ్రికా అధ్యయనంలో జ్వరంతో, రక్తప్రసరణ మందగించిన స్థితిలో వచ్చిన పిల్లలను పరిశీలించారు. వేగంగా ద్రవం ఇచ్చినవారిలో 48 గంటలలో మరణాలు దాదాపు 10.5 శాతం ఉండగా, అలా ఇవ్వనివారిలో 7.3 శాతమే. జాంబియాలో పెద్దవారి మీద జరిగి 2017లో ప్రచురితమైన అధ్యయనంలో, ధారాళంగా ద్రవాలు ఇచ్చే పద్ధతిలో 48.1 శాతం, మామూలు పద్ధతిలో 33 శాతం మరణించారు. వీరిలో అత్యధికులు హెచ్‌ఐవీ ఉన్నవారు. పిల్లలలో మలేరియా విస్తారం. కనుక ఈ అంకెలను మేడ్చల్‌కు నేరుగా తెచ్చి అతికించలేము. కాని వెంటిలేటరు, ఇంటెన్సివ్ కేర్ లేనిచోట ఊపిరితిత్తులలో నీరు చేరితే తీయడానికి దారి ఉండదన్న హెచ్చరిక ఏ చిన్న ఆసుపత్రికైనా వర్తిస్తుంది.

అందువల్ల మోతాదును అంకెకు వదిలేయక, రోగి స్పందనను బట్టి నిర్ణయించాలి. వేలికొనను పది సెకన్లు నొక్కి వదిలాక 3 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మూత్రం గంటకు కిలోకు అర మిల్లీలీటరు చొప్పున, 60 కిలోల మనిషికి 30 మిల్లీలీటర్లు పడాలి. కాళ్లను పైకెత్తి పట్టినప్పుడు గుండె వెలువరించే రక్తం పెరగకపోతే మరో సీసా వల్ల ప్రయోజనం ఉండకపోవచ్చు. సగటు రక్తపోటు 65కు చేరకపోతే నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టాలి. ముంజేతి సిర గుండా అయినా తాత్కాలికంగా ఇవ్వవచ్చు. ద్రవాలను అదుపుగా వాడి ఈ మందును ముందే మొదలుపెట్టడానికీ, ధారాళంగా ద్రవాలు ఇవ్వడానికీ మధ్య 2023 నాటి అమెరికా అధ్యయనం మరణాలలో తేడా చూపలేదు. అంటే వైద్యునికి వెసులుబాటు ఉంది. గుండె బలహీనమైన, మూత్రపిండాలు చెడిన మధుమేహ రోగి విషయంలో ఆ వెసులుబాటు అమూల్యం.

7. కోత తర్వాత

మొదటి శస్త్రచికిత్సతో ఈ కథ ముగియదు. 24 గంటల లోపు రోగిని మళ్లీ బల్ల మీదికి తీసుకొని, కొత్తగా చచ్చిన భాగాలు ఉంటే తొలగించాలి. చర్మం లేని పెద్ద గాయం నుంచి నీరు, మాంసకృత్తులు రోజూ కారిపోతాయి. ఒక విధంగా ఇది కాలిన గాయం వంటిదే. ఆ నష్టాన్ని ద్రవంతో కొంతకాలం పూడ్చవలసి ఉన్నా, మాంసకృత్తులను పూడ్చేది ఆహారం. రోగికి పథ్యమని పప్పు, గుడ్డు మానిపించే ఇంటి అలవాటు ఇక్కడ గాయానికి శత్రువు.

రక్తపోటు నిలదొక్కుకున్న తర్వాత ద్రవాల దిశ తిరగబడుతుంది. కణజాలంలోకి కారిన నీరు నెమ్మదిగా రక్తంలోకి వచ్చి మూత్రంగా పోతుంది. ఈ దశలోనూ అలవాటుగా రోజుకు ఇన్ని సీసాలని రాసుకుంటూ పోతే వాపు తగ్గదు. వాచిన గాయపు అడుగున చర్మపు అతుకు సరిగా పట్టదు. యాంటీబయాటిక్‌లను కలిపి ఇచ్చే నూరేసి మిల్లీలీటర్ల ద్రవాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోజుకు నాలుగైదు మందులు ఉన్న రోగిలో అవే లీటరుకు చేరవచ్చు. కొన్ని సందర్భాలలో మూత్రం జారీచేసే మందు ఇచ్చి నీటిని బయటికి తీయవలసి వస్తుంది.

ఇంకొకటి ఉంది. సిరలో పెట్టిన కాన్యులా కూడా చర్మానికి పడిన చిల్లే. అది పెట్టినచోట ఎరుపు, గట్టిదనం, చీము చేరితే, స్టాఫిలోకాకస్ ఆ గొట్టం వెంట నేరుగా రక్తంలోకి దిగగలదు. చర్మ సంక్రమణకు చికిత్సగా పెట్టిన గొట్టమే మరో చర్మ సంక్రమణకు మూలమయ్యే ఈ ప్రమాదం ఆర్‌ఎంపీ గదిలోనూ ఉంది, పెద్ద ఆసుపత్రి వార్డులోనూ ఉంది. ప్రతి షిఫ్టులో నర్సు ఆ చోటును చూసి, తడిమి, తేదీ రాసి ఉందో లేదో గమనించాలి. రోగి నోటితో తాగగలుగుతూ, మందులను మాత్రలకు మార్చిన రోజున, ‘ఇంకొక సీసా ఎక్కించండి డాక్టరుగారూ, నీరసంగా ఉంది’ అని ఇంటివారు అడిగినా, ఆ కాన్యులాను తీసివేయవలసి ఉంటుంది.